నూటికి 60: సింగపూర్‌లో తయారైన ఒక ఆట, దాని మీద తీర్పు



మన చదువుల్లో నూటికి 35 వస్తే గట్టెక్కినట్టు. 60 వస్తే ఫస్ట్ క్లాసు, ఇంట్లో మిఠాయిలు. అదే 60 ఒక కంప్యూటర్ ఆటకి వస్తే మాత్రం తయారు చేసినవాళ్ళు తల దించుకుంటారు, వాటాదార్లు మొహం చిట్లిస్తారు, కొనేవాళ్ళు "ధర తగ్గాక చూద్దాంలే" అనుకుంటారు. అంకె ఒకటే, అర్థాలు రెండు. ఈ తేడా ఎలా వచ్చింది, దాని వల్ల ఎవరికి ఏం జరిగింది అన్నది ఈ రోజు చెప్పుకుందాం.

నేను సింగపూర్‌లో సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటుగా పని చేస్తున్నాను. ఆటలు తయారు చెయ్యడం నా వృత్తి కాదు. ఆడటం అలవాటు, వాటి చరిత్ర చదవడం సరదా. బ్రహ్మాండమైన ఆటల గురించి అందరూ రాస్తారు, మరీ చెత్త ఆటల గురించి నవ్వుకుంటూ రాస్తారు. మధ్యరకం ఆటలనే ఎవరూ పట్టించుకోరు. నాకు మాత్రం విమర్శకుడి అసలు పనితనం తెలిసేది ఆ మధ్యరకం దగ్గరే అనిపిస్తుంది.

ఇంటర్నెట్‌లో తెలుగు సినిమా సమీక్షలు చదివేవాళ్ళకి ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. 5కి 2.75 వేశారంటే లెక్క ప్రకారం సగానికి పైనే. కాని దాని అర్థం "టీవీలో వచ్చినప్పుడు చూసుకోవచ్చు" అని మనకి తెలుసు. ఆటల లోకంలో 10కి 6, 7 అలాంటివే.

మొదటి నుంచీ ఇలా లేదు. అమెరికాలో 1981లో మొదలైన కంప్యూటర్ గేమింగ్ వరల్డ్ అనే పత్రిక 1994 దాకా ఆటలకి మార్కులే వెయ్యలేదు. ఆట ఎలా ఉందో తెలియాలంటే సమీక్ష మొత్తం చదవాల్సిందే. జపాన్‌లో 1986లో మొదలైన ఫామిత్సు పత్రికది ఇంకో పద్ధతి. ఒక్కో ఆటని నలుగురు ఆడి, తలా 10కి మార్కులు వేస్తారు, మొత్తం 40. ఇందులో నాకు నచ్చేది ఆ నాలుగు అంకెలూ విడివిడిగా కనిపించడం. ఒకరు 9, ఇంకొకరు 5 వేస్తే అభిప్రాయభేదం ఉందని పాఠకుడికి వెంటనే తెలిసిపోతుంది.

2001లో మెటాక్రిటిక్ వచ్చింది. లోకంలోని సమీక్షలన్నిటి మార్కులూ పోగు చేసి, నూటికి ఒకే ఒక్క అంకె చేసింది. అన్ని పత్రికలకీ సమాన విలువ ఉండదు. దేనికి ఎంత విలువ ఇస్తారో బయట పెట్టరు. ఒక పత్రిక మొదట వేసిన మార్కునే లెక్కలోకి తీసుకుంటారు. అన్నిటికన్నా విచిత్రమైనది రంగుల లెక్క. సినిమాకి 61 వస్తే ఆకుపచ్చ రంగు, అంటే బాగున్నట్టు. ఆటకి ఆకుపచ్చ పడాలంటే కనీసం 75 రావాలి. 50 నుంచి 74 దాకా పసుపు. అదే 61 సినిమాకి మెప్పు, ఆటకి పెదవి విరుపు!

ఈ పసుపు గడిలో పడ్డవాళ్ళ కథలు రెండు చెప్తాను. 2007 నవంబరులో గేమ్‌స్పాట్ అనే సమీక్షల సైట్‌లో జెఫ్ గర్స్ట్‌మన్ అనే సంపాదకుడు కేన్ అండ్ లించ్ అనే ఆటకి 10కి 6 వేశారు. ఆ సైట్ నిండా అదే ఆట ప్రకటనలు ఉన్నాయి. ఆ నెలలోనే ఆయన ఉద్యోగం పోయింది. తక్కువ మార్కుల గురించి ప్రకటనదారుల నుంచి యాజమాన్యానికి ఒత్తిడి వచ్చిందని 2012లో ఆయనే బయటికి చెప్పారు. గమనించండి, ఆయన వేసింది సున్నా కాదు, 6.

రెండోది 2010లో వచ్చిన ఫాలౌట్ న్యూ వేగాస్. దాన్ని తయారు చేసిన అబ్సిడియన్ కంపెనీకి మెటాక్రిటిక్‌లో 85 వస్తే బోనస్ ఇస్తామని ఒప్పందం. వచ్చింది 84. ఆ ఒక్క మార్కుతో బోనస్ పోయిందని 2012లో క్రిస్ అవెలోన్ అనే ఆ సంస్థ రచయిత చెప్పారు. సమీక్షకుడు పాఠకుడి కోసం వేసిన మార్కు, ఎవరి జీతం బత్తెమో తేల్చే కొలబద్ద అయి కూర్చుంది.

ఇక మన సింగపూర్‌కి వద్దాం. ఫ్రాన్స్‌కి చెందిన యూబీసాఫ్ట్ 2008లో ఇక్కడ ఒక స్టూడియో తెరిచింది. చాలా ఏళ్ళు దాని ముఖ్యమైన పని వేరే ఊళ్ళ వాళ్ళ నాయకత్వంలో తయారయ్యే ఆటల్లో ఒక భాగం చేసి ఇవ్వడం. 2012లో వచ్చిన అసాసిన్స్ క్రీడ్ 3లో ఓడల యుద్ధాలు చేసింది సింగపూర్ వాళ్ళే. అవి జనానికి ఎంత నచ్చాయంటే, 2013లో వచ్చిన బ్లాక్ ఫ్లాగ్ అనే తరువాతి ఆట సముద్రం చుట్టూనే అల్లారు. విమర్శకులు మెచ్చుకున్నారు, ఆకుపచ్చ రంగు వచ్చింది.

ఆ ఊపులోంచే స్కల్ అండ్ బోన్స్ పుట్టింది. హిందూ మహాసముద్రంలో ఓడదొంగల ఆట. ఈసారి నాయకత్వం సింగపూర్ స్టూడియోదే. అంతకు ముందు వాళ్ళు ఘోస్ట్ రికాన్ ఫాంటమ్స్ అనే ఉచిత ఆన్‌లైన్ ఆట తీసినా, ఇంత పెద్దది నెత్తిన వేసుకోలేదు. 2017లో ప్రకటించారు, తరువాత సంవత్సరం అన్నారు, అది వాయిదాల మీద వాయిదాలు పడింది. ఖర్చు అప్పటికే 12 కోట్ల డాలర్లు దాటిందని 2021లో కొటాకు అనే సైట్ రాసింది. చివరికి 2024 ఫిబ్రవరి 16న విడుదలైంది. ధర 70 డాలర్లు ఎందుకని అడిగితే, ఇది "నాలుగు ఏల" స్థాయి ఆట అని కంపెనీ అధిపతి ఈవ్ గిమో అన్నారు. పరిశ్రమలో పెద్ద బడ్జెట్ ఆటల్ని "మూడు ఏలు" అంటారు, ఇది అంతకు మించినదన్నమాట. విమర్శకుల మార్కులు 60 దగ్గర ఆగాయి. పసుపు గడి.

అంకె అంతవరకే చెప్తుంది. సమీక్షలు చదివితే కథ వేరు. ఓడ నడపడం, ఫిరంగుల పోరు బాగున్నాయని చాలామంది ఒప్పుకున్నారు. కాని శత్రువుల ఓడ మీదికి దూకి కత్తి పట్టే అవకాశం లేదు, ఆ ఘట్టం చిన్న వీడియోలా దానంతటదే అయిపోతుంది. ఒడ్డున ఉన్న చెట్టు నరకాలన్నా ఓడలో కూర్చునే నరకాలి. పోను పోను సరుకు తెచ్చి ఇచ్చే పనే మిగులుతుంది.

ముక్క చక్కగా ఉడికి అన్నం పలుకుగా మిగిలిన బిర్యానీకి 10కి 6 వస్తుంది. రెండూ అంతంతమాత్రంగా ఉన్న బిర్యానీకీ 6 వస్తుంది. మొదటి వంటవాడికి ఏం చెప్పాలో తెలుస్తుంది, రెండోవాడికి తెలియదు. స్కల్ అండ్ బోన్స్ మొదటి రకం. ఏళ్ళ తరబడి చేతికి అలవాటైన భాగం బాగా వచ్చింది. పోరు లేనప్పుడు ఆటగాడు ఏం చెయ్యాలి, ఎందుకు చెయ్యాలి అన్న భాగం, ఎప్పుడూ వేరేవాళ్ళు ఆలోచించి పెట్టినది, తేలిపోయింది.

ఈ మాట మన తెలుగు ఐటీ వాళ్ళకి కొంచెం గుచ్చుకోవాలి. హైదరాబాదులోనో ఇక్కడో కూర్చుని, ఎవరిదో సాఫ్ట్‌వేర్‌లో ఒక మాడ్యూల్ బ్రహ్మాండంగా రాసి శభాష్ అనిపించుకున్నవాళ్ళం మనలో చాలామందిమి. మొత్తం మనదే అయిన వస్తువు తయారు చెయ్యడం వేరే విద్య. అది మాడ్యూళ్ళు రాస్తే రాదు, మొత్తం తయారు చేసి, జనం చేత మాట అనిపించుకుంటేనే వస్తుంది.

అలాగని విమర్శకులు జాలి చూపాల్సింది అనను. 70 డాలర్లు పెట్టి కొన్నవాడికి స్టూడియో కష్టాలతో పని లేదు. మెతగ్గా రాసిన సమీక్ష వాడికి మోసం. నేననేది ఒక్కటే. తీర్పు వాక్యాల్లో ఉంటుంది, అంకెలో ఉండదు. యూరోగేమర్ అనే బ్రిటిష్ సైట్ 2015లో మార్కులు మానేసింది, 2023లో మళ్ళీ 5 నక్షత్రాల పద్ధతికి వచ్చింది. అంకె లేకుండా చదివే ఓపిక లోకానికి లేదని దీన్నిబట్టి నాకు అర్థమవుతోంది. మనమైనా ఆ ఓపిక చేసుకోవచ్చు కదా.

ఇక్కడ మన పిల్లల్లో ఆటల రూపకల్పన చదువుతామనేవాళ్ళు ఉన్నారు. అమెరికాకి చెందిన డిజిపెన్ సంస్థ కూడా 2008 నుంచి సింగపూర్‌లో ఆ చదువులు చెప్తోంది. మీ ఇంట్లో అలాంటి పిల్లలుంటే, ఒక పసుపు గడి ఆటకి వచ్చిన సమీక్షలు నాలుగు తీసి, మార్కులు కప్పేసి చదివించండి. ఏది నిలబడింది, ఏది కూలింది, ఎందుకు అన్నది వాళ్ళనే చెప్పమనండి. ఆకుపచ్చ ఆటల పొగడ్తల్లో అంత పాఠం దొరకదు.