గోడ మీది పిట్టలకు తెలుగు పేర్లు

చందాపుర చుట్టుపక్కల కొత్త అపార్ట్‌మెంట్లలో ఏ హాలులోకి వెళ్ళినా ఈ మధ్య ఒక రకం ఫ్రేములు కనిపిస్తున్నాయి. పాతబడినట్టున్న పసుపు కాగితం, మధ్యలో కొమ్మ మీద ఒక పిట్ట, కింద ఏటవాలు అక్షరాల్లో లాటిన్ పేరు. మన ఇంట్లో కూడా నాలుగున్నాయి, ఆన్‌లైన్‌లో తెప్పించినవే. ఇవన్నీ యూరప్ సరుకు అనుకుంటాం. కానీ ఇలాంటి బొమ్మల పని కొంత మద్రాసులోనే జరిగింది. అందులో నెల్లూరుకూ పాత్ర ఉంది. మన పెద్దలు అటునుంచే వచ్చారు కదా, పిల్లలకు తెలియాలని రాస్తున్నాను.

థామస్ జెర్డన్ అనే ఆయన ఈస్టిండియా కంపెనీ డాక్టరు. 1836లో మద్రాసు చేరాడు. తర్వాత నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. అడవి గురించి, జంతువుల గురించి అక్కడి యానాదులకు తెలిసినదాన్ని అడిగి నేర్చుకున్నాడు. 1843, 1847 మధ్య మద్రాసులో విడతలుగా ‘ఇలస్ట్రేషన్స్ ఆఫ్ ఇండియన్ ఆర్నిథాలజీ’ వేయించాడు. మొత్తం 50 బొమ్మలు, ఎక్కువగా దక్షిణాది పక్షులు. వాటిలో చాలా వరకు గీసింది మన దేశపు చిత్రకారులే. పుస్తకం మాత్రం జెర్డన్ పేరుతోనే చెలామణీ అయింది. పని ఒకరిది, పేరు ఒకరిది. మా ఆఫీసులో టెస్టర్లకు ఇది కొత్తేం కాదు!

షాపువాళ్ళు అన్నిటినీ ‘ఎన్‌గ్రేవింగ్’ అనేస్తారు, నిజానికి అవి వేరు వేరు. ఎన్‌గ్రేవింగ్ అంటే రాగి రేకు మీద ఉలితో గీతలు చెక్కి, ఆ గాళ్ళలో ఇంకు నింపి, తడి కాగితాన్ని పెట్టి గట్టిగా అదమడం. అందుకే అసలు ప్రతిలో బొమ్మ చుట్టూ రేకు అంచు నొక్కుకున్న గుర్తు ఉంటుంది. జెర్డన్ బొమ్మలు లితోగ్రాఫులు. నున్నటి సున్నపురాయి మీద జిడ్డు మైనంతో గీసి, రాయిని తడిపితే ఇంకు ఆ జిడ్డున్నచోటే పట్టుకుంటుంది. ఈ పద్ధతిని జర్మనీలో 1796 ప్రాంతంలో సెనెఫెల్డర్ కనిపెట్టాడు. రెండింట్లోనూ రాయి, రేకు ఇచ్చేది నలుపు గీత ఒక్కటే. రంగంతా చేత్తో, నీటి రంగులతో, ఒక్కొక్క కాగితానికీ విడిగా వెయ్యాల్సిందే. ఒకే పిట్ట రెండు ప్రతుల్లో రెండు తీర్లుగా ఉండేది అందుకే. మన ఫ్రేముల్లోవి ఆఫ్‌సెట్ ప్రింట్లు. ఒక భూతద్దం పెట్టి చూడండి, నాలుగు రంగుల చుక్కలు జల్లెడలాగా కనిపిస్తాయి. ఆ పసుపు మరక కూడా చుక్కలే.

జెర్డన్ కంటే ముందు ఇంకొకావిడ ఉన్నారు, నాకు ఆవిడే ఎక్కువ ఇష్టం. ఎలిజబెత్ గ్విలిమ్, మద్రాసు సుప్రీం కోర్టు జడ్జి భార్య. 1801లో వచ్చి 1807లో ఇక్కడే పోయారు. ఆ ఆరేళ్ళలో బతికున్న పక్షులను ఎదురుగా పెట్టుకుని వేసిన బొమ్మలు 121 మిగిలాయి. అమెరికాలో ఆడుబాన్ తన పెద్ద పుస్తకం మొదలుపెట్టడానికి ఇంకా ఇరవై ఏళ్ళున్నాయి అప్పటికి. ఆవిడ తెలుగు కూడా నేర్చుకున్నారు. బొమ్మలు మాత్రం 1924లో లండన్‌లో ఒకాయన కంటపడేదాకా ఎవరికీ తెలియవు. ఇప్పుడవి కెనడాలో, మాంట్రియల్‌లోని మెక్‌గిల్ యూనివర్సిటీలో ఉన్నాయి.

జెర్డన్ విషయంలో నాకు బాగా నచ్చింది ఇంకొకటుంది. 1862లో మొదలైన ‘ది బర్డ్స్ ఆఫ్ ఇండియా’లో పక్షుల తెలుగు పేర్లు కూడా రాసిపెట్టాడు, ఇంగ్లీషు అక్షరాల్లో. చెప్పినవాళ్ళ పేర్లు లేవు, వాళ్ళ మాటలు మిగిలాయి.

ఆయన పేరే మోస్తున్న పిట్ట ఒకటుంది, జెర్డన్స్ కోర్సర్. శాస్త్రానికి తెలిసింది 1848లో కాబట్టి ఆ 50 బొమ్మల్లో లేదు. 1900లో అనంతపురం దగ్గర కనిపించి మాయమైంది, ఇక లేదనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల దగ్గర రెడ్డిపల్లెలో మళ్ళీ దొరికింది. శాస్త్రవేత్తలు వెతికారు, పట్టుకొచ్చింది మాత్రం ఒక స్థానిక వేటగాడు, రాత్రిపూట. ఆ ఊళ్ళవాళ్ళకు అది కలివికోడి.

నేను కన్నడ మీడియంలో చదివినవాణ్ణి, స్కూల్లో ‘నీలకంఠ’ మన రాష్ట్ర పక్షి అని నేర్చుకున్నాను. ఇంట్లో అవ్వ దాన్నే పాలపిట్ట అనేది, దసరాకు చూస్తే మంచిదనేది. రెండూ ఒకటేనని నాకు చాలా ఏళ్ళు తట్టలేదు. కర్ణాటకకూ తెలంగాణకూ రాష్ట్ర పక్షి అదే. ఆంధ్రకూ ఉండేది, 2018లో రామచిలుకను ఎంచుకున్నారు.

మన నాలుగు ఫ్రేముల్లో ఒకటి పాలపిట్టే. వెనక అట్ట మీద తెలుగులోనూ కన్నడలోనూ పేరు రాసి అంటించాను. మిగతా మూడూ ఏ దేశపు పిట్టలో, వాటికి తెలుగులో పేరే ఉండదు. చికాగోలో ఉన్న పిన్ని పిల్లలకు పంపడానికి ఈసారి జెముడుకాకి బొమ్మ వెతుకుతున్నాను. దొరికిన పాత బొమ్మలన్నిట్లో కన్ను ఎర్రగా వెయ్యలేదు, అది కుదరదు.