ఫిరాయింపు

ఉర్దూలో ‘ఫిర్‌నా’ అంటే తిరగడం, ‘ఫిరానా’ అంటే తిప్పడం. మన ‘ఫిరాయించు’ అక్కడి నుంచి వచ్చిందే. మాట ఫిరాయించాడు, ప్లేటు ఫిరాయించాడు అని ఇంట్లో వాడుకునే ఈ క్రియ, 1985లో రాజ్యాంగానికి పదో షెడ్యూలు చేరాక ‘ఫిరాయింపుల నిరోధక చట్టం’గా పత్రికలకెక్కింది.

కానీ పార్టీ విడిచిన ప్రతివారికీ ఈ మాట అంటగట్టడం అన్యాయం. కామారెడ్డిలో తెలుగుదేశం ఎమ్మెల్యే గంప గోవర్ధన్ పదవికి రాజీనామా చేసి, 2012 మార్చి ఉపఎన్నికలో టీఆర్ఎస్ తరఫున గెలిచారు. అవే ఉపఎన్నికల్లో నాగర్‌కర్నూల్‌లో నాగం జనార్దనరెడ్డి, అదే తెలుగుదేశం నుంచి బయటికొచ్చి, ఏ పార్టీ గుర్తూ లేకుండా స్వతంత్రుడిగా నెగ్గారు. ఇద్దరూ మళ్లీ ఓటరు గడప తొక్కారు. ఎల్లారెడ్డి కథ వేరు. 2018లో కాంగ్రెస్ గుర్తుపై గెలిచిన జాజాల సురేందర్ మరుసటి ఏడే టీఆర్ఎస్‌లో చేరారు, ఉపఎన్నిక రాలేదు. 2019 జూన్‌లో ఆయనతో సహా పన్నెండుమంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల చేరికను ‘విలీనం’ అన్నారు. ఫిరాయింపు అన్న మాట అసలు అతికేది ఇక్కడే.

స్వతంత్రుడిగా గెలిచినవారికీ చట్టంలో మినహాయింపు లేదు: ఆ తర్వాత ఏ పార్టీలో చేరినా సభ్యత్వం పోతుంది.