తన ఖర్చు తానే సంపాదించుకున్న ఇల్లు

అమెరికా ప్రభుత్వం 1976లో కేప్ మే పట్టణాన్ని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించింది. ఆ గుర్తింపు స్వర్ణోత్సవ వేళ కొలంబియా అవెన్యూలోని ‘మెయిన్‌స్టే ఇన్’ గురించి చెప్పుకోవాలి. ఊరు ఎలా నిలిచిందో ఈ ఒక్క భవనం చెబుతుంది.

న్యూజెర్సీకి దక్షిణపు కొసన ఒకవైపు అట్లాంటిక్, ఇంకోవైపు డెలావేర్ అఖాతం. ఫిలడెల్ఫియా ధనికులకు ఈ ఊరు వేసవి విడిది. ముందు ఆవిరి పడవల్లో, 1863 నుంచి రైల్లో వచ్చేవారు. 1872లో ఇద్దరు జూదరులు తమవంటి సంపన్నుల కోసం ‘జాక్సన్స్ క్లబ్‌హౌస్’ పేరుతో నేటి మెయిన్‌స్టే భవనాన్ని కట్టించారు. నమూనా గీసింది స్టీఫెన్ డెకేటర్ బటన్. 14 అడుగుల ఎత్తు గదులు, 12 అడుగుల నిలువుటద్దాలు, నల్ల వాల్‌నట్ సామాను, విశాలమైన వరండా, కప్పు మీద నలుదిక్కులూ కిటికీలున్న చిన్న గది. పేకాటకు ఇంత వైభవమా అనిపిస్తుంది! 1896లో ఫిలడెల్ఫియా కుటుంబమొకటి కొనుక్కోవడంతో అది కాపురముండే ఇల్లయింది. తర్వాత అద్దె గదులిచ్చే ఇల్లయింది.

ఊరి జాతకం మాత్రం బాగుండలేదు. 1878 అగ్నిప్రమాదంలో సుమారు 35 ఎకరాలు బూడిదయ్యాయి. మళ్ళీ చెక్క ఇళ్ళే కట్టుకున్నారు. ఆపైన జనం అట్లాంటిక్ సిటీకి మళ్ళారు. పాతవి పడగొట్టి కొత్తవి కట్టే డబ్బు ఊరి దగ్గర లేకపోయింది. ఆ లేమే వాటిని కాపాడిందని నా నమ్మకం. 1962 మార్చి తుఫాను మరో దెబ్బ. ఊళ్ళోనే ఉన్న 1879 నాటి ఫిజిక్ భవనాన్ని కూల్చబోతుంటే 1970లో పౌరులు సంఘం కట్టి ఆపారు.

అయితే ఆపినంత మాత్రాన ఇల్లు నిలవదు. ఉప్పుగాలికి రంగు పెచ్చులూడుతుంది, చెక్క పుచ్చుతుంది. ఏటేటా వడ్రంగి, రంగులవాడు రావాలి. 1970లలో ఒక యువ దంపతులు మెయిన్‌స్టేను కొని బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్‌గా నడిపారు. రాత్రికి గది, పొద్దున పలహారం, సాయంత్రం తేనీరు. వచ్చిన డబ్బుతో మరమ్మతు. అది చూసి ఎందరో అదే దారి పట్టారు. చట్టమూ కలిసొచ్చింది: చారిత్రక భవనాన్ని పద్ధతిగా పునరుద్ధరిస్తే అయిన ఖర్చులో 1981 నుంచి 25 శాతం పన్ను రాయితీ, 1986లో దాన్ని 20కి తగ్గించారు. రాయితీ ఆదాయం తెచ్చే భవనాలకే. సొంతానికి ఉంచుకున్న ఇంటికి లేని వెసులుబాటు అతిథి గృహానికి దొరికింది.

మ్యూజియంలో తాడు కట్టి దూరం నుంచి చూపించే కుర్చీలో ఇక్కడ కూర్చోవచ్చు. పాత ఇంటికి అంతకన్నా మర్యాద లేదంటాను.

న్యూజెర్సీలోని ఎడిసన్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలకు ఒక మనవి. గార్డెన్ స్టేట్ పార్క్‌వే రహదారి మొదటి మైలు కేప్ మే దగ్గరే. ఈసారి సముద్రానికి వెళ్ళినప్పుడు మోటెల్ మాని, అలాంటి పాత ఇంట్లో ఒక రాత్రి దిగండి. మీరిచ్చే అద్దె ఆ వరండాకు వచ్చే ఏటి రంగు.