“పాచి తిని బతికేస్తుంది”: ఒక కొట్టు మాటకు వ్యాఖ్యానం

విశాఖలో అలంకార చేపలమ్మే కొట్టులో, నీళ్లు నింపిన ప్లాస్టిక్ కవరులోకి రెండంగుళాల మచ్చల చేపను జారవిడిచి, మూతికి రబ్బరు బ్యాండు చుడుతూ కొట్టతను నాతో ఓ మాటన్నాడు: “సక్కర్ చేపకి వేరే మేత అక్కర్లేదు మాస్టారూ, పాచి తిని బతికేస్తుంది.” తర్వాత ఇదే మాట అరకులో అక్వేరియం పెట్టుకున్న స్నేహితుల నోటా విన్నాను. దాన్ని నమ్మి మొదటి చేపను ఆకలితో చంపుకున్నాను. అందుకే ఆ వాక్యానికి పదం పదం అర్థం చెప్పుకుందాం.

సక్కర్ చేప. ఇది ఒక చేప పేరు కాదు, ఒక రకం నోటి పేరు. కొట్లలో ఎక్కువగా ఈ పేరుతో ఇచ్చేది దక్షిణ అమెరికా నదుల నుంచి వచ్చిన ప్లెకో. ఒంటి మీద పొలుసులకు బదులు ఎముక పలకలుంటాయి. పెదవులే చూషకంలా పనిచేసి అద్దాన్ని పట్టుకుంటాయి. బొటనవేలంత కూడా ఉండని ఓటోసింక్లస్ కూడా ఈ వంశానిదే. చైనీస్ ఆల్గే ఈటర్ అని అమ్మేది వేరే వంశం. అది పెద్దదయ్యేకొద్దీ పాచి మీద మోజు తగ్గి, పక్క చేపల ఒంటి జిగురు కోసం వాటి వెంటపడుతుంది. మన తూర్పు కనుమల గెడ్డల్లో పాచి గీరుకునే చేపలు లేవా అంటే ఉన్నాయి. గర్రా జాతివి. కింది పెదవి వెనక గుండ్రటి బిళ్లలాంటి పట్టు ఉంటుంది. దానితో వరద నీటిలోనూ రాయిని అంటిపెట్టుకుని ఉంటాయి. వాటిలో గర్రా ముల్యా అనేదాన్ని సైక్స్ అనే ఆయన 1839లోనే వర్ణించాడు. పేరు ఒకటే అయినా ఇన్ని చేపలు, ఇన్ని ఆకళ్లు. ఇంటికి తెచ్చేముందు అది ఏ చేపో కనుక్కోకపోతే మేత సంగతి మొదలే కాదు.

పాచి. ఈ మాట దగ్గరే మనం పొరబడతాం. తెలుగులో పాచి అంటే నిల్వదీ, కడగనిదీ. పాచి మొహం, పాచి పని, పాచిపోయిన కూర. అందుకే తొట్టిలో పాచిని మురికి లెక్కలో వేసి, దాన్ని తినే చేపను పాకీ పనికి పెట్టుకున్నట్టు చూస్తాం. డుంబ్రిగుడ దగ్గర చాపరాయి మీద చెప్పులు విప్పి నడిచినవాళ్లకు పాచి ఏమిటో అరికాలికి తెలుసు. పరుపులా పరుచుకున్న ఆ బండ మీద నీళ్లు పల్చగా జారుతుంటాయి, కంటికి రాయి శుభ్రంగానే కనిపిస్తుంది, అడుగు పెడితే మాత్రం జర్రున జారుతుంది. కంటికి ఆనని ఆ పొరలో సిలికా గుల్లల డయాటములు, ఆకుపచ్చ శైవలాలు, బాక్టీరియా, వాటి మధ్య తిరిగే సూక్ష్మజీవులు కలిసి ఉంటాయి. ఎండ, పారే నీరు, రాయి కలిసి వండిన వంట అది. మాంసకృత్తులు, పిండిపదార్థం, పీచు అన్నీ అందులోనే.

మన పెద్దలు పాకుడు, నాచు అని వేరువేరుగా అన్నది ఊరికే కాదు. మెట్ల మీద జారేది పాకుడు, దారాల్లా వేలాడేది నాచు. ఓటోసింక్లస్‌కు పాకుడు కావాలి. నాచు గుబురు తొట్టి నిండా ఉన్నా ముట్టదు, దాని మధ్యనే పస్తుండి చస్తుంది. “ఇంత పాచి ఉంది, ఎందుకు తినడం లేదు” అని అడిగేవాళ్ల తొట్టిలో ఉన్నది చాలాసార్లు నాచే. పైగా కొత్త తొట్టి అద్దం మీద లేచే గోధుమరంగు పొరను నాలుగు చేపలు వారంలో ఖాళీ చేసేస్తాయి. రెండో వారం నుంచి అద్దం మెరుస్తుంది. మనం సంబరపడేది సరిగ్గా వాటి కంచం ఖాళీ అయినప్పుడే.

దీనికి నేను చేసేది ఇదీ. గుండ్రటి గులకరాళ్లు పది కడిగి, తొట్టి నీళ్లే పోసిన తెల్ల బకెట్లో వేసి డాబా మీద ఎండలో పెడతాను. పది పదిహేను రోజులకు వాటి మీద పాకుడు కడుతుంది. నాలుగు రాళ్లు తొట్టిలోకి, తిన్న నాలుగు తిరిగి బకెట్లోకి. రాయి ఎంచేటప్పుడు ఒక చుక్క నిమ్మరసం వేసి చూడండి. బుసబుస పొంగితే సున్నపురాయి, నీటి కాఠిన్యాన్ని పెంచుతుంది. బొర్రా చుట్టుపక్కల రాళ్లకు ఆ గుణం ఉంటుంది.

వేరే మేత. మేత అనే మాట ఈ చేపలకు అచ్చంగా సరిపోతుంది. పూటకోసారి పెట్టేది తిండి, రోజంతా సాగేది మేత. హుకుంపేట మండలం మత్స్యగుండంలో మత్స్యలింగేశ్వరుడి పేరున ఎవరూ పట్టని చేపలు, భక్తులు విసిరినదానికి నీటిపైకి ఎగబడతాయి. ఆ దృశ్యం చూసినవాళ్లం అన్ని చేపలూ అలాగే వచ్చి తింటాయనుకుంటాం. మేసే చేప అలా రాదు. దాని పేగు పొడుగు, దాని పని నిదానం. పైన చల్లిన గుళికలు అడుగుకు చేరేలోగా పక్క చేపలు మింగేస్తాయి.

కాబట్టి రాత్రి లైటు ఆర్పాక పెట్టాలి. ఆనపకాయ, బీరకాయ లేదా కీరా వేలిమందం చక్రాలుగా కోసి, మరిగే నీళ్లలో రెండు నిమిషాలు ఉంచి, చల్లారాక రాయికి రబ్బరు బ్యాండుతో కట్టి అడుగున వదలండి. మందు కొట్టినదేమో తెలియని కూరగాయకు తొక్క తీసేయండి. మొదటి మూడు రోజులు చేప దాని పక్క నుంచి పోతుంది, వాసన చూడనట్టే ఉంటుంది. అక్కడే చాలామంది “దీనికి ఇష్టం లేదు” అని వదిలేస్తారు. వదలకండి. పాకుడు పట్టిన రాయి మీదే ముక్కను కట్టండి. ఒకరోజు పొద్దున్న చూస్తే చక్రం మధ్య గుజ్జంతా పోయి, గింజల గూడూ అంచూ మాత్రం మిగిలి, అంచున సన్నటి గీరుళ్లు వరసలుగా కనిపిస్తాయి. ఆ గీతలు చూసిన రోజు నాకు కలిగిన సంతోషం చెప్పలేను. మిగిలిన ముక్కను మధ్యాహ్నంలోగా తీసేయాలి, లేకపోతే నీళ్లు చెడతాయి.

కూరగాయనూ ముట్టని మొండివాటికి ఇంకో దారి ఉంది. ఉడికించిన పాలకూర, బఠాణీ మెత్తగా రుబ్బి, స్పిరులినా పొడి కలిపి, కరిగించిన చైనాగ్రాస్‌లో వేసి, అది గట్టిపడేలోగా గులకరాళ్లను ముంచి తీయండి. చైనాగ్రాస్ కూడా సముద్రపు నాచు నుంచి వచ్చేదే. రాయి మీద గీరి తినడానికి అలవాటుపడ్డ నోటికి తిండి రాయి మీదే దొరుకుతుంది.

ఒక హెచ్చరిక. అరకులో డిసెంబరు రాత్రులు పది డిగ్రీల కిందికి దిగుతాయి. హీటరు లేని తొట్టిలో ప్లెకో కదలకుండా పడి ఉంటే అది మారాం కాదు, చలి. నీరు వెచ్చగా ఉంటేనే దానికి సరిగ్గా ఆకలి వేస్తుంది.

అక్కర్లేదు. ఎవరికి అక్కర్లేదన్నది ఈ వాక్యంలో లేదు. అమ్మేవాడికి అక్కర్లేదు.

బతికేస్తుంది. బతుకుతుంది అంటే ఒక అర్థం, బతికేస్తుంది అంటే ఇంకొకటి. ఎలాగో గడిపేస్తుంది, మనం చూడక్కర్లేదు అనే నిశ్చింత ఈ రెండో మాటలో ఉంది. చేప వారాల తరబడి పస్తున్నా అద్దానికి అతుక్కునే ఉంటుంది కనుక ఆ నిశ్చింత నిజమనిపిస్తుంది. అద్దం బయటి నుంచి దాని పొట్ట చూడండి. గుండ్రంగా ఉంటే సరే. లోపలికి పీక్కుపోయి ఉంటే, అది చావు దారిలో ఉంది.

ఇక నిజంగానే బతికేసిన ప్లెకో సంగతి. రెండంగుళాలది అడుగు దాటుతుంది, తొట్టి చాలదు, రాత్రికి రాత్రి ఎవరో దాన్ని చెరువులోనో గెడ్డలోనో వదిలేస్తారు. వలలు చింపే ఈ పలకల చేపను మన మత్స్యకారులు దెయ్యం చేప అంటున్నారు. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలో కలిసిన డీఎన్‌ఏ ఆధారంగా వెతికి, ఈ జాతి తూర్పు కనుమల్లో 60 శాతం నీటి వనరులకు పాకిందని 2024లో చెప్పారు. గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది, నీరు తగ్గితే గాలి మింగి బతుకుతుంది, గర్రా మేసే రాయినే తనూ మేస్తుంది.

మీ ఇంటి చేపకు మీరే మేత పెట్టండి. సాకలేకపోతే కొట్టుకు తిరిగివ్వండి, పెద్ద తొట్టి ఉన్నవారికి ఇవ్వండి. గోస్తనిలోగానీ మాచ్‌ఖండ్‌లోగానీ మీ ఊరి గెడ్డలోగానీ వదలకండి.