రియల్ ఎస్టేట్ కోచింగ్‌కు కట్టిన ఫీజు వెనక్కి వస్తుందా? ఎక్కడ ఫిర్యాదు చేయాలి?

ఆదివారం ఉదయం పదకొండు గంటలకు ఉచిత వెబినార్. ‘ఉద్యోగం చేసుకుంటూనే రెండో ఆదాయం’ అని ప్రకటన. రెండు గంటలు విన్నాక చివర్లో అసలు సంగతి బయటకు వస్తుంది. మూడు రోజుల వర్క్‌షాప్, ఫీజు కొన్ని వేలు, ఈ రాత్రి పన్నెండు దాటితే రెట్టింపు. ఆ వర్క్‌షాప్ మూడో రోజున మరో మెట్టు: ఏడాది మెంటార్‌షిప్, ఫీజు లక్ష దాటుతుంది. చేతిలో అంత లేదంటే అక్కడికక్కడే ఈఎంఐ పెట్టిస్తారు. నెల తిరిగేసరికి మెంటార్ కనిపించడు. పాత వీడియోలు, ఒక వాట్సాప్ గ్రూపు, ‘మైండ్‌సెట్ మార్చుకోండి’ అనే సలహా మాత్రం మిగులుతాయి. డబ్బులు అడిగితే ‘నో రిఫండ్’ అని మీరే టిక్ పెట్టారు కదా అంటారు.

ఈ కథనం రాసే ముందు అలాంటి ఉచిత క్లాసు ఒకటి మొదటి నుంచి చివరి దాకా విన్నాను. కార్ల ఫొటోలు చాలా వచ్చాయి. ఈసీ అనే మాట ఒక్కసారి కూడా వినపడలేదు.

అలా ఫీజు కట్టి మోసపోయామని అనిపిస్తే చట్టం ఏ మేరకు ఆదుకుంటుందో చూద్దాం.

వీళ్లకు లైసెన్సు ఇచ్చేదెవరు?

రియల్ ఎస్టేట్ పెట్టుబడి నేర్పుతామనే కోచ్‌లకు మన దేశంలో ప్రత్యేకంగా లైసెన్సు ఇచ్చే సంస్థ లేదు. షేర్లు, మ్యూచువల్ ఫండ్ల మీద ఫీజు తీసుకుని సలహా ఇవ్వాలంటే సెబీ దగ్గర నమోదు కావాలి. ప్లాటు, ఫ్లాటు, పొలం సెక్యూరిటీల కిందకు రావు కాబట్టి ఆ నిబంధన వీళ్లకు తగలదు. 2016 నాటి రెరా చట్టం ప్రాజెక్టులను, ఏజెంట్లను నమోదు చేయిస్తుంది తప్ప పాఠం చెప్పేవాళ్లను కాదు. ‘మాది ప్రభుత్వ గుర్తింపు ఉన్న సంస్థ’ అని చూపించే కాగితం చాలాసార్లు జీఎస్టీ సర్టిఫికెట్టో, కంపెనీ రిజిస్ట్రేషనో అయి ఉంటుంది. అవి వ్యాపారం పెట్టుకున్నట్టు చెప్పే కాగితాలు. పాఠం నాణ్యతకూ వాటికీ సంబంధం లేదు.

కాబట్టి ఫీజు తిరిగి రాబట్టుకోవడానికి మిగిలిన ప్రధాన దారి 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం. కాలేజీలు, యూనివర్సిటీల చదువు ఈ చట్టం కిందకు వస్తుందా రాదా అన్న వాదన ఏళ్ల తరబడి నడుస్తోంది. కోచింగ్ సంస్థల విషయంలో మాత్రం జాతీయ కమిషన్ 2020లో మను సోలంకి కేసులో స్పష్టంగా చెప్పింది. కోచింగ్ సెంటర్లను బడులు, కాలేజీలతో సమానంగా చూడలేమని, వాటిలో సేవా లోపంపై వినియోగదారుల కమిషన్లు విచారణ జరపవచ్చని ఆ తీర్పు సారాంశం.

నిరాశ వేరు, సేవా లోపం వేరు

ఇక్కడ చాలామంది పొరబడతారు. ‘కోర్సు చేశాను, డబ్బు సంపాదించలేకపోయాను’ అన్న ఒక్క మాట మీద కేసు నిలబడదు. అవతలి వాళ్లు ఏమి ఇస్తామన్నారు, అందులో ఏమి ఇవ్వలేదు అన్నదే కమిషన్ చూస్తుంది. నెలకు రెండుసార్లు మెంటార్‌తో విడిగా మాట్లాడిస్తామని చెప్పి ఆరు నెలల్లో ఒక్కసారి కూడా మాట్లాడించకపోతే అది సేవా లోపం. లైవ్ క్లాసులని చెప్పి రికార్డింగులు పెట్టడం, న్యాయవాదితో పత్రాలు పరిశీలింపజేస్తామని చెప్పి ఎగ్గొట్టడం, వేరెవరివో సంపాదన లెక్కలను తమ విద్యార్థులవిగా చూపించడం కూడా ఫిర్యాదుకు గట్టి ఆధారాలే. పాఠం బాగాలేదు, అంతా యూట్యూబ్‌లో దొరికేదే అన్న ఫిర్యాదు నిజమే కావచ్చు గానీ రుజువు చేయడం కష్టం.

అందుకే ప్రకటన స్క్రీన్‌షాట్, ఫీజు రసీదు, సేల్స్ మనిషితో జరిగిన వాట్సాప్ సంభాషణ, కోర్సు షెడ్యూలు ముందుగా భద్రపరచుకోండి. గొడవ మొదలుకాగానే గ్రూపు నుంచి తీసేయడం మామూలే. తీసేయకముందే చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోవాలి. వీటిని సాక్ష్యంగా చూపేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ధ్రువీకరణ పత్రం అవసరమవుతుంది. పాత చట్టంలో 65బి అని వినే ఉంటారు, దాని స్థానంలో వచ్చిందే ఇది.

అవతలి పక్షం చెప్పే మూడు మాటలు

మొదటిది: ‘మీరు ఇన్వెస్టర్, వినియోగదారు కాదు.’ చట్టంలో దీనికి కొంత ఆస్కారం ఉంది. వాణిజ్య ప్రయోజనం కోసం సేవ తీసుకున్నవాళ్లు వినియోగదారుల నిర్వచనం కిందకు రారు. అయితే స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం తీసుకుంటే అది వాణిజ్య ప్రయోజనం కాదని సెక్షన్ 2(7) వివరణలోనే ఉంది. లావాదేవీ వెనుక ప్రధాన ఉద్దేశం ఏమిటో చూడాలని సుప్రీంకోర్టు 2019లో లీలావతి ఆస్పత్రి ట్రస్టు కేసులో చెప్పింది. జీతం మీద బతికే మనిషి సొంతంగా నేర్చుకోవడానికి కోర్సులో చేరడం ఒక పరిస్థితి. రియల్ ఎస్టేట్ కంపెనీ తన ఉద్యోగులను అదే కోర్సుకు పంపడం మరో పరిస్థితి. మీరు మొదటి కోవలోకి వస్తే ఆ సంగతి ఫిర్యాదు మొదటి పేరాలోనే రాయండి.

రెండోది: ‘నో రిఫండ్’ షరతు. వెబ్‌సైట్ ద్వారా అమ్మే సంస్థలకు 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు వర్తిస్తాయి. సేవలో లోపం ఉన్నా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా డబ్బు తిరిగి ఇవ్వబోమని నిరాకరించడం కుదరదని అవి చెబుతున్నాయి. అదే నిబంధనల ప్రకారం గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. అలాగని నచ్చలేదు కాబట్టి వెనక్కి ఇమ్మనే హక్కు ఇలాంటి కోర్సులకు మన చట్టంలో లేదు. లోపం చూపించాల్సిందే.

మూడోది: ‘కేసులన్నీ ముంబయిలోనే’, ‘ఆర్బిట్రేషన్‌కే వెళ్లాలి’ అనే షరతులు. వీటికి భయపడనక్కర్లేదు. 2019 చట్టం సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే లేదా పనిచేసే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. సంస్థ బెంగళూరులో ఉన్నా మీరు ఖమ్మంలోనో కాకినాడలోనో వేసుకోవచ్చు. ఆర్బిట్రేషన్ షరతు వినియోగదారుల కేసుకు అడ్డం కాదని ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో 2018లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఒక మెలిక ఉంది. ఒప్పందమే అన్యాయంగా ఉంది, దాన్ని రద్దు చేయండి అని అడగాలంటే జిల్లా కమిషన్ వినదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. అందుకే చిన్న మొత్తాల విషయంలో సేవా లోపం, అనుచిత వ్యాపార పద్ధతి అనే కోణంలో జిల్లా కమిషన్‌కు వెళ్లడమే తేలిక.

వరసగా చేయాల్సినవి

ముందు సంస్థకు ఈమెయిల్ పెట్టండి. ఏ తేదీన ఎంత కట్టారు, ఏమి ఇస్తామన్నారు, ఏమి ఇవ్వలేదు, ఎంత వెనక్కి కావాలి, ఎన్ని రోజుల్లో కావాలి అన్నవి రాయాలి. తిట్లు వద్దు, ఆ ఈమెయిల్ రేపు కమిషన్ ముందుకు వెళ్తుంది. రసీదు మీద ఉన్న సంస్థ పేరును జీఎస్టీ పోర్టల్‌లో వెతికి చూడండి. ప్రకటనలో కనిపించే పేరు ఒకటి, డబ్బు తీసుకున్న సంస్థ మరొకటి కావచ్చు. ఫిర్యాదు వేయాల్సింది డబ్బు తీసుకున్న సంస్థ మీద.

జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. వాళ్లు సంస్థతో మాట్లాడి రాజీకి ప్రయత్నిస్తారు, ఆదేశం ఇచ్చే అధికారం మాత్రం లేదు. పేరు పోతుందని భయపడే సంస్థలు ఇక్కడే దిగివస్తాయి. మిగతావాళ్లను దించాలంటే కమిషన్ మెట్లెక్కాలి.

కట్టిన ఫీజు 50 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్. ఐదు లక్షల వరకు ఫిర్యాదు రుసుము లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. లాయర్ తప్పనిసరి కాదు. గడువు వివాదం తలెత్తిన రోజు నుంచి రెండేళ్లు. ‘వచ్చే నెల ఇస్తాం’ అంటూ సంస్థలు కాలం జరిపేది చాలాసార్లు ఈ గడువు కోసమే. చట్టం ప్రకారం మామూలు ఫిర్యాదు మూడు నెలల్లో తేలాలి. ఆచరణలో అంతకంటే ఎక్కువే పడుతుందని మానసికంగా సిద్ధపడి వెళ్లండి.

‘ఈ రాత్రికే ఆఖరు’ అన్న ఒత్తిడి మీద కూడా ఫిర్యాదు చేయవచ్చు. లేని తొందరను సృష్టించడం 2023లో కేంద్రం ప్రకటించిన 13 డార్క్ ప్యాటర్న్‌లలో ఒకటి. ఇలాంటివి, తప్పుదారి పట్టించే ప్రకటనలు కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ చూస్తుంది. తప్పుడు ప్రకటనకు పది లక్షల వరకు జరిమానా వేయగలదు. ఆ జరిమానా మీ ఖాతాలో పడదు, మీ ఫీజు కోసం కమిషన్‌కు వేరుగా వెళ్లాల్సిందే.

ఈఎంఐ ఆపేయాలా?

కోపంతో ఆపేయకండి. ఈఎంఐ అనేది కోచ్‌కు మీరు కట్టే వాయిదా కాదు. ఒక ఫైనాన్స్ కంపెనీ మీ పేరున అప్పు ఇచ్చి, ఆ డబ్బు కోచ్‌కు ఇచ్చేసింది. కోచ్ పాఠం చెప్పకపోయినా అప్పు అప్పుగానే ఉంటుంది, ఆపితే సిబిల్ స్కోరు పడుతుంది. తీసుకున్న వెంటనే పొరపాటు గ్రహిస్తే మాత్రం ఒక వెసులుబాటు ఉంది. డిజిటల్ అప్పులకు రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం కనీసం ఒక రోజు కూలింగ్ ఆఫ్ వ్యవధి ఉండాలి. ఆ లోపు అసలు, ఆ రోజులకు వడ్డీ కట్టి పెనాల్టీ లేకుండా బయటపడవచ్చు. మీకు వివరం చెప్పకుండా ఓటీపీ తీసుకుని అప్పు పెట్టించి ఉంటే ముందు ఆ ఫైనాన్స్ కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. సమాచారం కోసం 14448.

కోచ్ ప్లాట్లు కూడా అమ్ముతుంటే

ఇది అసలు ప్రమాదం. ఫీజు పోతే లక్షల్లో పోతుంది, ప్లాటు దగ్గర దెబ్బతింటే జీవితకాలపు పొదుపు పోతుంది. ‘మన స్టూడెంట్లకు మాత్రమే ప్రీ-లాంచ్ ధర’ అని ఎవరైనా అంటే అక్కడే ఆగండి. 500 చదరపు మీటర్లు దాటిన లేదా ఎనిమిది యూనిట్లు మించిన ప్రాజెక్టును రెరాలో నమోదు చేయకుండా ప్రకటించకూడదు, బుకింగ్‌లు తీసుకోకూడదు. అలాంటి ప్రాజెక్టుల అమ్మకాల్లో మధ్యవర్తిత్వం చేసేవాళ్లు రెరా ఏజెంటుగా నమోదై ఉండాలి. లేకపోతే రోజుకు పది వేల రూపాయల జరిమానా, ఆస్తి విలువలో ఐదు శాతం వరకు పెరుగుతూ పోతుంది. నమోదైన ప్రాజెక్టులో కూడా రిజిస్టర్ చేసిన అమ్మకపు ఒప్పందం లేకుండా ధరలో పది శాతం మించి అడ్వాన్సు తీసుకోకూడదు. ఈ ఫిర్యాదులు తెలంగాణ రెరా, ఏపీ రెరా ఆన్‌లైన్‌లోనే తీసుకుంటాయి.

అందరి డబ్బు కలిపి భూమి కొంటాం, నెలనెలా ఇంత ఇస్తాం అంటే వ్యవహారం ఇంకో చట్టంలోకి పోతుంది. అనియంత్రిత డిపాజిట్లను నిషేధిస్తూ 2019లో చట్టం వచ్చింది. అది పోలీసుల పని, వినియోగదారుల కమిషన్‌తో సరిపెట్టుకోవద్దు. భూమి పేరు చెప్పి జనం దగ్గర వసూలు చేసిన పీఏసీఎల్‌ను రూ.49,100 కోట్లు తిరిగి ఇవ్వమని సెబీ 2014లో ఆదేశించింది. ఆ చెల్లింపుల కోసం సుప్రీంకోర్టు చెప్పినమీదట జస్టిస్ లోధా కమిటీ 2016లో ఏర్పడింది. ఆదేశం వచ్చాక కూడా డబ్బు చేతికి రావడానికి ఎన్నేళ్లు పడుతుందో ఆ కేసు చూస్తే తెలుస్తుంది.

అమెరికాలో ఉన్నవాళ్లకు

ఉచిత క్లాసు, వర్క్‌షాప్, ఆపైన ఖరీదైన మెంటార్‌షిప్ అనే ఈ మెట్ల పద్ధతి అక్కడ పాతదే. జురిక్స్ అనే సంస్థపై ఫెడరల్ ట్రేడ్ కమిషన్, యూటా రాష్ట్రం 2019లో వేసిన కేసులో మూడు రోజుల వర్క్‌షాప్ 1,997 డాలర్లు, తర్వాతి కోర్సు 41,297 డాలర్ల దాకా అని పేర్కొన్నారు. ట్రంప్ యూనివర్సిటీ కేసులు 2016లో 2.5 కోట్ల డాలర్ల రాజీతో ముగిశాయి. హోటల్ హాల్లో జరిగిన కార్యక్రమంలో 130 డాలర్లు, అంతకు మించి కట్టి ఉంటే మూడో పనిదినం అర్ధరాత్రి లోపు రద్దు చేసుకునే హక్కు అక్కడ ఉంది. శనివారం పనిదినంగానే లెక్క. పూర్తిగా ఆన్‌లైన్‌లో లేదా ఫోన్‌లో కొన్నవాటికి ఇది వర్తించదు.

అక్కడి కోర్సులను తెలుగులో చెబితే ఇక్కడ పనిచేయవన్న సంగతీ గుర్తుంచుకోవాలి. తక్కువకు కొని నెలల్లో అమ్మేయడమనే ‘ఫ్లిప్పింగ్’ లెక్క చూడండి. ఏపీలోనూ తెలంగాణలోనూ స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ వగైరా కలిపి కొనేటప్పుడే సాధారణంగా 7.5 శాతం దాకా పోతుంది. రెండేళ్ల లోపు అమ్మితే వచ్చిన లాభం స్వల్పకాలిక మూలధన లాభంగా మీ ఆదాయంలో కలిసి పన్ను పడుతుంది. బోర్డు మీద ఈ రెండూ వేయకుండా లాభం చూపిస్తే ఆ లెక్క తప్పు.

ఫీజు కట్టక ముందు

ఒక సాయంత్రం కేటాయిస్తే ఈ కోర్సుల్లో పనికొచ్చే భాగం చాలావరకు ఉచితంగా దొరుకుతుంది. రిజిస్ట్రేషన్ శాఖ సైట్లలో ఈసీ, 22ఎ నిషేధిత ఆస్తుల జాబితా, సర్వే నంబర్ల వారీ మార్కెట్ విలువ ఉంటాయి. భూమి రికార్డులకు తెలంగాణలో భూభారతి, ఏపీలో మీభూమి. ప్రాజెక్టు వివరాలు రెరా సైట్లో. వీటితో పాటు ఒక మంచి లాయర్‌తో లింకు డాక్యుమెంట్లు చూపించుకోవడానికి అయ్యే ఖర్చు మెంటార్‌షిప్ ఫీజులో చిన్న భాగం.

అయినా చేరదామనుకుంటే, డబ్బు పంపే ముందు సేల్స్ మనిషికి ఒక్క మెసేజ్ పెట్టండి: ‘మెంటార్‌తో ఎన్ని గంటలు, ఎవరు, రిఫండ్ ఎప్పుడు, దయచేసి ఇక్కడే రాసి పంపండి.’ ఫోన్‌లో మాట్లాడదామంటే ఒప్పుకోకండి. జవాబు వస్తే స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. రాకపోతే రాత్రి పన్నెండు దాటనివ్వండి.