బడికి వచ్చిన వైద్యుడు: పదేళ్లు దాటిన పిల్లల ఆరోగ్య పరీక్ష చరిత్ర

జబ్బు ఏదీ లేకపోయినా పదేళ్లు దాటిన పిల్లలను ఏడాదికోసారి వైద్యుడికి చూపించే పద్ధతి ఆసుపత్రిలో పుట్టలేదు, బడిలో పుట్టింది. 19వ శతాబ్దం రెండో సగంలో అనేక యూరప్ దేశాలు ఒక్కొక్కటిగా చదువును నిర్బంధం చేశాయి. అంతవరకు వీధుల్లో, పొలాల్లో, మిల్లుల్లో చెదిరి ఉన్న పిల్లలు గాలీ వెలుతురూ చాలని గదుల్లో కిక్కిరిసి కూర్చున్నారు. కంఠసర్పి, పొంగు, కోరింత దగ్గు ఒక బల్ల నుంచి మరో బల్లకు పాకడానికి అంతకంటే అనువైన చోటు లేదు. 1874లో బ్రస్సెల్స్ నగరం తన బడులను క్రమం తప్పకుండా తనిఖీ చేయడానికి వైద్యులను నియమించింది. ఈ తరహా ఏర్పాట్లలో మొదటిదిగా సాధారణంగా దాన్నే చెబుతారు.

ఆ తొలి వైద్యులు పిల్లల కంటే ముందు గదిని చూశారు. కిటికీలు ఎన్ని, బల్ల ఎంత ఎత్తు, మరుగుదొడ్డి ఎక్కడ అన్నవే వారి ప్రశ్నలు. అందుకు కారణం ఉంది. నేడు పోలండ్‌లో ఉన్న బ్రెస్లావ్ నగరపు కంటి వైద్యుడు హెర్మన్ కోన్ 1860ల్లో 10,060 మంది విద్యార్థుల చూపు పరీక్షించాడు. తరగతి పెరిగేకొద్దీ దూరపు చూపు ఆనని పిల్లల సంఖ్య కూడా పెరుగుతోందని తేల్చి, చాలని వెలుతురునూ సరిపడని బల్లలనూ తప్పుపట్టాడు. 1862లో డచ్ వైద్యుడు హెర్మన్ స్నెలెన్ పెద్ద అక్షరం నుంచి చిన్న అక్షరానికి దిగే పటాన్ని తయారు చేసి ఉండటంతో, అలాంటి పరీక్షను ఏ బడిలోనైనా ఒకే కొలతతో జరిపే వీలు కలిగింది. ఆ పటం నేటికీ పిల్లల వైద్యుల గదుల్లో గోడకు వేలాడుతోంది. 1896లో జర్మనీలోని వీస్‌బాడెన్ నగరం ఇంకో అడుగు ముందుకు వేసి, బడిలో చేరిన ప్రతి పిల్లవాడినీ పరీక్షించి, చదువు ముగిసేదాకా ఆ వివరాలు నమోదు చేసే పద్ధతి తెచ్చింది. వైద్యుడి చూపు గది మీద నుంచి పిల్లవాడి మీదకు మళ్లింది. తల్లిదండ్రులు మాత్రం ఇంకా ఆ గదిలోకి రాలేదు.

అమెరికాలో ఈ పని పిల్లలను వేరు చేయడంతో మొదలైంది. కంఠసర్పి ప్రబలిన నేపథ్యంలో 1894లో బోస్టన్ నగరం బడులకు 50 మంది వైద్యులను పంపింది; అంటువ్యాధి ఉన్న పిల్లవాడిని గుర్తించి ఇంటికి పంపేయడమే వారి విధి. కొద్ది ఏళ్లకు న్యూయార్క్ కూడా ఆ దారి పట్టింది. ట్రకోమా అనే కంటి జబ్బు, తామర, గజ్జి, పేలు, ఏది కనిపించినా పిల్లవాడి చేతికి చీటీ ఇచ్చి పంపేసేవారు. ఆ చీటీ ఇంట్లో చాలామందికి చదవడం రాదు, చదివినా వైద్యుడి దగ్గరకు వెళ్లే డబ్బు లేదు. పిల్లలు వారాల తరబడి వీధిలో ఉండిపోయేవారు, సాయంత్రం బడి వదిలాక అదే జబ్బుతో తోటి పిల్లలతోనే ఆడుకునేవారు. జబ్బును కనిపెట్టి వదిలేస్తే ఏమవుతుందో ఇంత స్పష్టంగా చూపిన ఉదాహరణ అరుదు.

దాన్ని మార్చింది ఒక నర్సు. పేదవాడల్లో సేవ చేసే హెన్రీ స్ట్రీట్ కేంద్రం స్థాపకురాలు లిలియన్ వాల్డ్ చొరవతో, 1902 అక్టోబరు 1న లీనా రోజర్స్ నాలుగు బడుల బాధ్యత తీసుకున్నారు. ఆ బడుల్లో సుమారు 10 వేల మంది పిల్లలు ఉన్నారు. చిన్నపాటి పుండ్లకు, పేలకు ఆమె బడిలోనే చికిత్స చేశారు. సాయంత్రాలు ఇళ్లకు వెళ్లి, మందు ఎలా రాయాలో తల్లులకు చేసి చూపించారు. ప్రయోగం ఫలించి నగరం మరింతమంది నర్సులను నియమించింది. 1902 సెప్టెంబరులో బడి నుంచి పంపేసిన సందర్భాలు 10,567 ఉండగా, 1903 సెప్టెంబరుకు అవి 1,101కి తగ్గాయి. వైద్యంలో కొత్త కనుగోలు ఏదీ ఇందులో లేదు. ఇంటి గడప తొక్కడమే ఆమె చేసిన కొత్త పని.

గడప తొక్కని చోట ఏం జరుగుతుందో 1906 జూన్‌లో అదే నగరంలో తేలింది. వలస వచ్చిన యూదు కుటుంబాలు నివసించే లోయర్ ఈస్ట్ సైడ్‌లో, టాన్సిల్స్, ముక్కు వెనుక కండ పెరిగిన పిల్లలకు బడిలోనే శస్త్రచికిత్స చేశారు. వైద్యులు పిల్లల గొంతులు కోస్తున్నారని పుకారు లేచింది. వేల మంది తల్లులు బడుల ముందు గుమికూడారు, కిటికీలు పగిలాయి, పిల్లలను బయటకు లాక్కుపోయారు. ఆ తల్లులను అజ్ఞానులని కొట్టిపారేయడం అన్యాయం. రష్యాలో తమ వాళ్లపై జరుగుతున్న ఊచకోతల వార్తలు వింటూ బతుకుతున్న కుటుంబాలవి. అధికారి కత్తి పట్టుకుని తమ బిడ్డ దగ్గరకు వచ్చాడంటే మేలు చేయడానికే అని నమ్మడానికి వారికి ఆధారం లేదు.

బ్రిటన్‌లో ఇదే పరీక్షకు యుద్ధం కారణమైంది. 1899లో దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం మొదలైనప్పుడు, పారిశ్రామిక నగరాల నుంచి సైన్యంలో చేరడానికి వచ్చిన యువకుల్లో చాలామంది ఎత్తు, ఛాతీ కొలత, పళ్లు చాలక వెనక్కి వెళ్లారు. శారీరక క్షీణతపై వేసిన సంఘం 1904లో బడి పిల్లలకు వైద్య పరీక్ష ఉండాలని సిఫార్సు చేసింది. 1907 చట్టం దాన్ని స్థానిక విద్యా సంస్థల విధిగా మార్చింది. బడిలో చేరినప్పుడు ఒకసారి, మధ్యలో ఎనిమిదేళ్ల ప్రాయంలో ఒకసారి, బడి వదిలే ముందు పన్నెండేళ్లకు ఒకసారి అనే క్రమం కొన్నేళ్లలో కుదురుకుంది. ఆ చివరి పరీక్షే నేటి పదకొండు, పన్నెండేళ్ల పరీక్షకు పూర్వరూపం. అయితే ఆనాటి ప్రశ్న ఈ పిల్లవాడు ఎలా ఎదుగుతున్నాడన్నది కాదు, పనిలోకి వెళ్లడానికి పనికొస్తాడా అన్నది.

ఆ చట్టంలో ఒక లోటు ఉంది. పరీక్ష తప్పనిసరి, చికిత్స ఐచ్ఛికం. బ్రాడ్‌ఫర్డ్‌లో బడి వైద్యుడు జేమ్స్ కెర్‌తో కలిసి పిల్లలను పరీక్షించిన అనుభవం ఉన్న మార్గరెట్ మెక్‌మిలన్‌కు ఆ తేడా బాగా తెలుసు. ఆమె తన సోదరి రేచల్‌తో కలిసి 1908లో లండన్‌లోని బో ప్రాంతంలో, 1910లో డెట్‌ఫర్డ్‌లో బడి పిల్లల వైద్యశాలలు తెరిచారు. చికిత్సను కూడా విధిగా చేసే చట్టం 1918లో గానీ రాలేదు. మరోవైపు, పరీక్ష సమయానికి తల్లిదండ్రులను పిలవాలని విద్యా మండలి మొదటి నుంచీ సూచించింది. పిల్లవాడికి చిన్నప్పుడు ఏ జబ్బులు వచ్చాయో, రాత్రి నోటితో ఊపిరి పీలుస్తాడో లేదో తల్లికి తప్ప ఎవరికి తెలుస్తుంది? వైద్యుడి గదిలో తల్లికి కుర్చీ దొరికింది అప్పుడే.

ఎంత మంచి ఏర్పాటైనా అలవాటుగా మారితే ప్రమాదమేనని టాన్సిల్స్ మరోసారి రుజువు చేశాయి. అమెరికా బాలల ఆరోగ్య సంఘం న్యూయార్క్ బడుల్లో 11 ఏళ్ల పిల్లలు వెయ్యిమందిని తీసుకుని జరిపిన పరిశీలన 1934లో వెలువడింది. వారిలో 611 మందికి అప్పటికే టాన్సిల్స్ తీసేశారు. మిగిలిన 389 మందిని బడి వైద్యులకు చూపిస్తే, 174 మందికి తీయాలన్నారు. అక్కర్లేదన్న 215 మందిని వేరే వైద్యులకు చూపిస్తే, వారు 99 మందికి తీయాలన్నారు. ఇక మిగిలిన 116 మందిని మళ్లీ వేరే వారికి చూపితే 51 మందికి తీయాలన్నారు. వెయ్యిమందిలో చివరికి 65 మందే మిగిలారు. కొత్త వైద్యులు దొరక్క అక్కడితో ఆపారు. ఎదుట ఎవరు నిలబడ్డా సగానికి కాస్త తక్కువ మందిలో లోపం కనిపిస్తోందంటే, చూసింది గొంతును కాదు, చూడాలనుకున్నదాన్ని. మూకుమ్మడి పరీక్షల చరిత్రలో ఇంతకంటే విలువైన పాఠం లేదు. ఏ పరీక్ష చేసినా దానివల్ల మేలు ఎంత, కీడు ఎంత అని లెక్క అడగడం ఆ తరవాతి తరాలు నేర్చుకున్నాయి.

ఆ లెక్కలో వెన్నెముక పరీక్ష కూడా తూగాల్సి వచ్చింది. పిల్లను ముందుకు వంచి, వీపు ఒకవైపు ఎత్తుగా లేస్తోందా అని చూసే పద్ధతిని 1865లో లండన్ శస్త్రవైద్యుడు విలియం ఆడమ్స్ వివరించారు. వెన్ను వంకర తేలేది ఎక్కువగా పదేళ్ల తరవాత, ఎత్తు ఒక్కసారిగా పెరిగే రోజుల్లో కాబట్టి, 1960ల నుంచి అమెరికా బడుల్లో ఆ వయసు పిల్లలందరికీ ఈ పరీక్ష పెట్టారు. 2004లో అక్కడి నివారణ సేవల నిపుణుల బృందం ఏ లక్షణాలూ లేని పిల్లలందరికీ ఇది వద్దంది. 2018లో, మేలో కీడో తేల్చడానికి ఆధారాలు చాలవంది. చాలామంది వైద్యులు మాత్రం అర నిమిషం పట్టే ఆ పరీక్షను వదల్లేదు.

ఎత్తు కొలవడానికి ఇంకా పాత చరిత్ర ఉంది. ఫ్రాన్సులో కౌంట్ మాంట్‌బెయార్ అనే ప్రభువు 1759లో పుట్టిన తన కొడుకు ఎత్తును 18 ఏళ్ల పాటు వరసగా కొలిచి రాసుకున్నాడు. ఆ అంకెలను గీతగా గీస్తే, చిన్నతనంలో తగ్గుతూ వచ్చిన ఎదుగుదల వేగం పన్నెండు, పదమూడేళ్ల తరవాత ఒక్కసారిగా ఎగబాకడం కనిపిస్తుంది. 20వ శతాబ్దంలో లండన్ దగ్గర హార్పెండెన్ అనాథాశ్రమంలో జేమ్స్ టానర్ రెండు దశాబ్దాలకు పైగా పిల్లలను కొలిచి, యుక్తవయసు మార్పులను ఐదు దశలుగా విభజించారు. పక్కింటి పిల్లకు పదేళ్లకే వచ్చిన మార్పు తమ పిల్లకు పన్నెండేళ్లకూ రాలేదని దిగులుపడే తల్లికి వైద్యుడు ధైర్యం చెప్పగలుగుతున్నాడంటే, ఈ కొలతల వల్లే. ఎదుగుదలకు తేదీ ఉండదు, వరస ఉంటుంది. భారతీయ పిల్లల వైద్యుల సంఘం 5 నుంచి 18 ఏళ్ల వారికి మన పిల్లల కొలతలతోనే 2015లో పటాలు వెలువరించింది.

ఈ వయసు పిల్లలు పసివారూ కారు, పెద్దలూ కారు అన్న గుర్తింపు వైద్యంలో ఆలస్యంగా వచ్చింది. 1951లో బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో రాస్వెల్ గాలఘర్ కౌమార వయస్కులకు ప్రత్యేక విభాగం తెరిచారు. తన రోగి తల్లిదండ్రులు కాదనీ, ఎదురుగా కూర్చున్న పిల్లవాడేననీ ఆయన పట్టుబట్టారు. 1970ల్లో హెన్రీ బెర్మన్ రూపొందించి, 1980ల్లో ఎరిక్ కోహెన్ మెరుగుపరచిన ప్రశ్నల క్రమం ఇల్లు, చదువు, ఆటపాటలతో మొదలై మత్తు పదార్థాలు, లైంగిక విషయాలు, దిగులు, ఆత్మహత్య ఆలోచనల దాకా మెల్లగా నడుస్తుంది. ఇలాంటి మాటలు అమ్మానాన్నల ముందు పెగలవు. కొద్ది నిమిషాలు వారిని బయట కూర్చోమనే ఆచారం అలా వచ్చింది. శతాబ్దం కిందట లోపలికి పిలిచిన తల్లిని మళ్లీ బయటకు పంపడంలా ఇది కనిపించవచ్చు గానీ, అంతకుముందు ఆమెను బయట ఉంచినప్పుడు ఎవరూ ఆమెను అడగలేదు. ఇప్పుడు ఆమెకు ముందే చెప్పి, కారణం వివరించి పంపుతారు. ఆ మాటల గోప్యతకు హద్దు కూడా ఉంది. పిల్లల ప్రాణానికి ముప్పు ఉంటే వైద్యుడు దాచడు. లైంగిక దాడి సంగతైతే, మన దేశంలో 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం దాచకూడదు.

1996 నవంబరులో అమెరికా టీకాల సలహా సంఘం, అక్కడి వైద్య సంఘాలు కలిసి 11, 12 ఏళ్ల మధ్య ఒక ప్రత్యేక వైద్య సందర్శన ఉండాలని ప్రకటించడంతో ఈ పరీక్షకు స్థిరమైన వయసు ఏర్పడింది. చిన్నప్పుడు తప్పిన టీకాలు అప్పుడు పూర్తి చేయాలన్నది ప్రధాన ఉద్దేశం. 2006లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా వచ్చాక ఆ సందర్శన బరువు పెరిగింది.

భారతదేశంలో బడి పిల్లల వైద్య పరీక్ష 1909లో బరోడాలో మొదలైంది. ఆ తరవాతి నాలుగు దశాబ్దాల్లో పెద్దగా సాగలేదు. బడి ఆరోగ్య సేవలు దేశంలో దాదాపు లేనట్టేనని దేశ ఆరోగ్య సేవలను పరిశీలించిన భోర్ కమిటీ 1946లో రాసింది. 1960లో రేణుకా రే అధ్యక్షతన వేసిన కమిటీ పౌష్టికాహారాన్నీ ఆరోగ్య పరీక్షలనూ కలిపి చూడాలని కోరింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2010 నవంబరు 14న జవహర్ బాల ఆరోగ్య రక్ష ప్రారంభించి సర్కారు బడుల పిల్లలకు ఆరోగ్య కార్డులు ఇచ్చింది. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుక నుంచి 18 ఏళ్ల దాకా 30 రకాల సమస్యలను వెతికే బాధ్యతను ప్రధానంగా సంచార బృందాలకు అప్పగించింది. లోపం తేలితే పై ఆసుపత్రికి పంపడం, ఉచిత చికిత్స ఆ పథకంలోనే భాగం. 2019 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ చేపట్టిన కంటి వెలుగు మొదటి విడతను సుమారు 70 లక్షల మంది విద్యార్థులకే కేటాయించారు. కోన్ బ్రెస్లావ్‌లో చేసిన పని అది, కళ్లజోడు కూడా చేతికిచ్చే ఏర్పాటుతో.

తెలుగు నేల మీద ఈ చరిత్రలో చేదు అధ్యాయం ఖమ్మం జిల్లాది. 2009 జూలైలో పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలు సుమారు 14 వేల మందికి హెచ్‌పీవీ టీకా వేసే అధ్యయనం మొదలుపెట్టింది. వారిలో ఆశ్రమ పాఠశాలల్లో చదివే గిరిజన బాలికలు చాలామంది. కొందరు బాలికల మరణాలు వెలుగులోకి రావడంతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపించింది. మరణాలకు టీకా కారణం కాదని విచారణ తేల్చింది. తప్పు వేరే చోట ఉంది. అనుమతి పత్రాల మీద అనేక చోట్ల తల్లిదండ్రులకు బదులు వసతిగృహం వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేశారు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదే, అధ్యయనం అవసరమే కావచ్చు. అడవిలో ఉన్న తల్లిని అడగకపోవడాన్ని ఆ రెండూ సమర్థించవు.

ఇప్పుడు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పదకొండేళ్ల పిల్లను పరీక్షకు తీసుకెళ్లే తల్లిదండ్రుల ముందు ఈ శతాబ్దంన్నర పని అంతా అరగంటలో జరిగిపోతుంది. ఎత్తు, బరువు కొలిచి పటంలో గుర్తిస్తారు. రక్తపోటు, చూపు, పళ్లు, గొంతు, గుండె చప్పుడు, వెన్ను చూస్తారు. రక్తహీనత అనుమానం ఉంటే రక్త పరీక్ష రాస్తారు. సర్కారు బడుల్లో అందుకోసమే వారానికో నీలిరంగు ఐరన్ మాత్ర, ఏడాదికి రెండుసార్లు నులిపురుగుల మందు ఇస్తున్నారు. నిద్ర, ఫోను వాడకం, నెలసరి గురించి అడుగుతారు, కొంతసేపు పిల్లతో ఒంటరిగా మాట్లాడతారు. బట్టలు తొలగించి చూడాల్సి వస్తే తల్లిగానీ నర్సుగానీ పక్కన ఉండాలి. పదేళ్లకు ఇవ్వాల్సిన ధనుర్వాతం, కంఠసర్పి టీకా వేస్తారు. హెచ్‌పీవీ టీకాను పదిహేనేళ్లు నిండకముందే మొదలుపెడితే రెండు మోతాదులు చాలు, నిండాక అయితే మూడు సూచిస్తారు. ఏ టీకా ఎందుకో తల్లిదండ్రులు అడిగి తెలుసుకుని, ఒప్పుకున్నాకే వేస్తారు.