పేరుకే బ్రిటిష్ పాస్‌పోర్టు

హెచ్1బీ స్టాంపింగు కోసం మనం పడే తిప్పలు అందరికీ తెలిసినవే. కానీ ఎన్ని తిప్పలు పడ్డా, తిరిగొస్తే శంషాబాదులో మనల్ని ఆపేవాడు లేడు. పాస్‌పోర్టు ఇచ్చిన దేశం గుమ్మంలోకి రానిస్తుంది, అది కనీస ధర్మం. హాంకాంగ్ వాళ్ళకి బ్రిటన్ ఇచ్చిన పాస్‌పోర్టులో సరిగ్గా ఆ ఒక్కటే లేదు.

మొదట్లో ఇలా ఉండేది కాదు. 1948 చట్టం ప్రకారం లండన్లో పుట్టినవాడికీ హాంకాంగ్‌లో పుట్టినవాడికీ ఒకే పౌరసత్వం. 1962లో వలసలకి అడ్డుకట్ట మొదలైంది. 1968లో కెన్యా నుంచి వస్తున్న భారతీయ సంతతి వాళ్ళని (వాళ్ళ చేతుల్లో ఉన్నవి బ్రిటిష్ పాస్‌పోర్టులే!) ఆపడానికి హడావుడిగా ఇంకో చట్టం చేశారు. 1971 చట్టంతో 'నివాస హక్కు' అనేది పౌరసత్వం నుంచి విడిపోయింది. మన భాషలో చెప్పాలంటే లాగిన్ అవుతుంది, పర్మిషన్లే ఉండవు. 1983లో అమల్లోకొచ్చిన చట్టం హాంకాంగ్ వాళ్ళకి 'పాలిత ప్రాంతాల పౌరులు' అని వేరే పేరే పెట్టేసింది.

1984లో చైనాతో ఒప్పందం కుదిరాక ఆ పేరు కూడా నిలవలేదు. 1987 నుంచి బ్రిటిష్ నేషనల్ (ఓవర్‌సీస్), పొట్టిగా బీఎన్ఓ, అని కొత్త హోదా పెట్టారు. పిల్లలకి సంక్రమించదు, బ్రిటన్లో ఉండనివ్వదు.

ఎందుకింత పిసినారితనం? నాకు కనిపించే కారణం ఒక్కటే, తలల లెక్క. హాంకాంగ్‌లో అలాంటివాళ్ళు ముప్ఫై లక్షల పైచిలుకు. రెండువేల మంది కూడా లేని ఫాక్‌లాండ్స్‌కి యుద్ధం అయిన మరుసటేడే, 1983లో, పూర్తి పౌరసత్వం ఇచ్చేశారు. హాంకాంగ్ చేజారిన ఐదేళ్ళకి, 2002లో, మిగిలిన చిన్నాచితకా దీవులన్నిటికీ దాదాపుగా ఇచ్చేశారు. పక్కనే ఉన్న మకావులో పోర్చుగల్ 1981 నవంబరు 20కి ముందు పుట్టినవాళ్ళని తన పౌరులుగానే ఉంచుకుంది. అంతెందుకు, మన యానాం వాళ్ళకి కూడా ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకుంటారా అని 1962లో ఆర్నెల్లు గడువిచ్చారు.

1990లో చేసిన పని ఇంకా తమాషా. వయసుకీ, చదువుకీ, అనుభవానికీ పాయింట్లేసి యాభైవేల కుటుంబాలకి పూర్తి పౌరసత్వం ఇస్తామన్నారు. తియానన్మెన్ తర్వాత జనం బెదిరి పారిపోకుండా ఉండటానికట! అంటే, వెళ్ళిపోకుండా ఉండటానికి వెళ్ళే హక్కు.

అసలు ఇరుక్కుపోయింది హాంకాంగ్ భారతీయులు. 1841లో బ్రిటిష్ వాళ్ళతోపాటు దిగిన సిపాయిల కాలం నుంచీ మనవాళ్ళు అక్కడున్నారు. ఊరికి గుర్తుగా చెప్పుకునే స్టార్ ఫెర్రీ మొదలుపెట్టింది ఒక పార్సీ, దొరాబ్జీ. యూనివర్సిటీ కట్టడానికి డబ్బిచ్చింది ఇంకో పార్సీ, హొర్ముస్‌జీ మోదీ. చైనా జాతి వాళ్ళని చైనా ఎలాగూ తన పౌరులే అంటుంది. వీళ్ళని అనదు. బ్రిటిష్ కాగితం పట్టుకున్నవాళ్ళకి భారత పౌరసత్వం లేదు. 1997 తర్వాత హాంకాంగ్‌లో ఉండే హక్కు ఉంటుంది గానీ, చేతిలో బీఎన్ఓ తప్ప ఇంకే దేశమూ ఉండదు. పిల్లలకి ఏదో ఒక ముక్క దొరికినా, ఆ తర్వాతి తరాలకి అదీ లేదు. ఏళ్ళ తరబడి మొత్తుకోగా మొత్తుకోగా, అప్పగింతకి మూడు నెలల ముందు, 1997 మార్చిలో, వేరే పౌరసత్వం లేనివాళ్ళు బ్రిటిష్ పౌరులుగా నమోదు కావచ్చని చట్టం చేశారు. కొన్ని వేలమందికి సంబంధించిన పని, అది చెయ్యడానికి అన్నేళ్ళు!

మిగిలిన లక్షలమందికి తలుపు తెరుచుకుంది 2021 జనవరి 31న, బీజింగ్ జాతీయ భద్రతా చట్టం తెచ్చాక. బీఎన్ఓ ఉన్నవాళ్ళు ఐదేళ్ళు ఉంటే స్థిరనివాసానికి, ఇంకో ఏడాది తర్వాత పౌరసత్వానికి అర్జీ పెట్టుకోవచ్చన్నారు. అదే రోజు నుంచి చైనా ఆ పాస్‌పోర్టుని గుర్తించడం మానేసింది. ఇందులోనూ ఒక తిరకాసు. 1997 జూలై తర్వాత పుట్టినవాళ్ళకి బీఎన్ఓ ఉండదు. 2019లో వీధుల్లోకొచ్చిన కుర్రాళ్ళలో చాలామంది ఆ వయసువాళ్ళే. అమ్మానాన్నల బీఎన్ఓ మీద వాళ్ళు సొంతంగా దరఖాస్తు పెట్టుకునే వీలు వచ్చింది 2022 నవంబరులో.